లైన్ కలిపే పెద్దమ్మ

మొన్న చేర్యాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పోయిన మాఘంలో ఆయన కూతురి పెళ్లికి వీడియో తీసింది నేనే. ఇంట్లో డిస్కుల డబ్బా ఒకటి పెట్టుకున్నాడట, పెళ్లి వీడియో అందులో వేసుకున్నాడట, టీవీలో పెడితే సరిగ్గా తాళి కట్టే దగ్గరికి వచ్చి తెర మీద చక్రం తిరుగుతోందట. "డబ్బా మాట్లాడ్తలేదా, టీవీ ఇంటలేదా?" అని అడిగాను. "నీ పానం మంచిగనే ఉన్నదా తమ్మీ?" అన్నాడు ఆయన. అప్పుడు గానీ నాకు తెలియలేదు, నా నోటి నుంచి వచ్చింది పెద్దమ్మ మాట అని. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. సిద్దిపేటలో మా గల్లీలోనే, మా గోడకు ఆవలి ఇల్లు. మా అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో. చెవికి ఫోన్ తగిలించుకుని, ఊళ్లకు ఊళ్లను కలిపిన ఆపరేటర్. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పని ఊడ్చుకుపోయాక ఏవో కాగితాల పనులు చేయించి పింఛను ఇచ్చి పంపారు. కానీ ఆమె రిటైరయిందని గల్లీలో ఎవరూ నమ్మలేదు. ఎవరింట్లోనైనా టీవీ రాకపోయినా, వైఫై పోయినా, పిలవక ముందే గుమ్మంలో ఉండేది.

ఎక్కడైనా ఏదైనా చెడిపోయిందని వింటే ఆమె మొహం వెలిగిపోయేది. చీర కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు బయట విడిచి, "ఏదీ, ఎవలు అలిగిన్రు?" అంటూ లోపలికి వచ్చేది. పాడైంది అనే మాట ఆమె నోట నేను వినలేదు. యంత్రాలు అలిగేవి, అంతే. రౌటర్ వెనకాల చిన్న రంధ్రంలో బటన్ నొక్కాల్సి వస్తే జడలోంచి స్లైడు తీసి నొక్కేది. నొక్కి, స్లైడు మళ్లీ జడలో పెట్టుకునేది. వెంట్రుకలు జారి మొహం మీద పడ్డా పట్టించుకునేది కాదు. హెడ్‌ఫోన్ ఇస్తే రెండు చెవులకూ పెట్టుకోదు, ఒక్క చెవికే. రెండో చెవి పక్క సీటువాళ్ల కోసం ఖాళీగా ఉంచాలట. పక్కన సీటూ లేదు, సీటువాళ్లూ లేరు, అయినా అంతే.

ఆమె పద్ధతి ఒక్కటే. "లైన్ పోయిందంటె నడుమల ఎతుకొద్దు బిడ్డా. ముందుగాల రెండు కొసలను అడుగాలె. ఎవలు మాట్లాడ్తలేరు, ఎవలు ఇంటలేరు. గది తెలిస్తె సగం పని అయినట్టే." రెండు కొసలూ బాగానే ఉంటే నడుమ తెంపి చూడాలి. ఈ సగంలో లేదంటే ఆ సగంలో ఉంటుంది. ఆమె ఊహ తప్పయినప్పుడు చూడాలి ఆమె సంబరం. మనమైతే చిరాకు పడతాం. ఆమె చేతులు దులుపుకుని, "గిది గాదు. మంచిగైంది, ఒకటి తగ్గింది" అనేది. ఆమె ఊహలు తప్పడం తక్కువేమీ కాదు. అయినా గొప్పలకు లోటుండేది కాదు. సిద్దిపేటలో ఏ గొంతైనా తనకు తెలుసనీ, హలో అనక ముందు తీసే ఊపిరిని బట్టే ఎవరో చెప్పేదాన్ననీ అనేది. నేను పరీక్ష పెడితే రెండుసార్లు తప్పు చెప్పి, నాకు జలుబు చేసిందని గద్దించింది.

నేను డిస్కుల డబ్బా కొన్నప్పుడు మొదటిసారి ఆమె పనితనం చూశాను. పెళ్లి వీడియోలు తీసే వాడికి పాత పెళ్లిళ్లన్నీ దాచుకోవడానికి జాగ కావాలి. చిన్న పెట్టె, లోపల పెద్ద డిస్కులు. ఇంట్లో వైఫైకి తగిలిస్తే అందులోని వీడియో ఏదైనా టీవీలో చూడొచ్చు. తెచ్చి పెట్టాను. టీవీకి ఆ డబ్బా కనబడలేదు. పొద్దున్నుంచి కుస్తీ పడుతుంటే పెద్దమ్మ వచ్చింది. టీవీని అడిగింది, అంటే రిమోట్ తీసుకుని అది ఏ వైఫైలో ఉందో చూసింది. చూసి, సోఫాలో కూలబడి నవ్వింది. మా టీవీ ఆమె ఇంటి వైఫైలో ఉంది. ఎప్పుడో మా ఇంట్లో నెట్ పోతే నేనే కలిపి మరిచిపోయాను. మా గల్లీలో ఎవరింటి పాస్‌వర్డ్ ఎవరికి తెలియదు గనక. "నీ టీవీ మా ఇంట్ల కూసోని మీ ఇంటోళ్లను పిలుస్తుంది. ఎట్ల పలుకుతరు?" అంది. ఆ కథ గల్లీలో ఎంతమందికి చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్వేది.

ఇవన్నీ ఆమె సరదాలు. ఒక్కచోట మాత్రం ఆమె సరదా పడలేదు. అది మా అమ్మ విషయం.

మా అమ్మది నంగునూరు. మాటకారి. పెళ్లి పందిట్లో అవతలి పక్షాన్ని ఒక్క మాటతో కూర్చోబెట్టేది. అటువంటి మనిషికి ఓ జ్వరం తర్వాత వినికిడి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. చెవి మిషన్ పెట్టిస్తే, లోపల ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుందని తీసి బీరువాలో పెట్టేసింది. సాయంత్రం గల్లీ ఆడవాళ్లంతా మా ఇంటి ముందు అరుగులాంటి గద్దె మీద చేరి అనపకాయలు వొలుచుకుంటూ మాట్లాడుకునేవారు. ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు. "ఏందే, ఏమన్నది?" అని అమ్మ అడుగుతుంది. పక్కనున్నావిడ సైగలతో, అరుపులతో విడమరిచి చెబుతుంది. అమ్మ నవ్వుతుంది. అప్పటికి మిగతావాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయి ఉంటారు. అమ్మ నవ్వు ఒక్కటే వినబడేది. కొన్నాళ్లకు అమ్మ గద్దె మీదికి రావడం మానేసింది. లోపల కూర్చుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది.

ఒకరోజు పెద్దమ్మ అది చూసి, మా వంటింటి గుమ్మంలో నిలబడి నాతో అంది: "సర్వీసంత లైన్లు కలిపిన బిడ్డా. దుబాయికి కలిపిన, బొంబాయికి కలిపిన. గోడ పక్కపొంటి మీ అమ్మ లైను కలుపుడు నాతోని అయితలేదు."

ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఆమెకు ఓదార్పు అక్కర్లేదు. అప్పటికే ఆలోచిస్తోంది. "ఎవలో చెప్పినంక నవ్వేది నవ్వు గాదు, మర్యాద. మీ అమ్మ అందరితోని కలిసి నవ్వాలె. గా నిమిషానికే నవ్వాలె. నీ డబ్బల పాత పెండ్లిళ్లున్నయి గదా, మీ అమ్మ మాట్లాడింది ఏమన్న ఉన్నదా? మాటలు కింద రాస్తె సదువుకుంటది."

ఉంది. మా చిన్నాన్న పెళ్లి. అందరి ఇళ్లల్లో ఉండే పెళ్లి వీడియోలో మాటలుండవు, పైన సినిమా పాటలు అతికిస్తారు. కానీ ఆ పెళ్లి తీసిన స్టూడియోలోనే నేను తర్వాత పని నేర్చుకున్నాను. కోత పడని అసలు టేపులు నా చేతికి వచ్చాయి, డబ్బాలోకి ఎక్కించి ఉంచాను. అందులో బంతి భోజనాల దగ్గర మా అమ్మ అవతలి పక్షంతో ఆడిన సరసాలన్నీ ఉన్నాయి. కాకపోతే మీద బ్యాండు మేళం, పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

పెద్దమ్మకు అయింది. రోజూ మధ్యాహ్నం వచ్చి, ఒక్క చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది. విన్నది తన ఫోన్‌లో టైపు చేసి నాకు పంపేది. ఎవరు ఏ యాసలో అన్నది ఆ యాసలోనే. నేను వాటిని ఏ మాటకు ఆ అక్షరాలు కలిపి వీడియో కింద వచ్చేట్టు చేసేవాణ్ని. ఆ రోజుల్లో ఆమెకున్న ఉత్సాహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మధ్యలో హెడ్‌ఫోన్ తీసి, "ఆపు, ఆపు, మీ నాయిన గూడ ఏదో అన్నడు" అని కేకేసేది. ఎందుకంత సంతోషం అని అడిగాను. "సర్వీసులున్నన్ని దినాలు ఇన్నది మర్సిపోవుడే నా పని. ఎవలింటి ముచ్చట ఎవలికి చెప్పద్దు. ఇన్నది రాసుడు నాకు గిదే మొదలు" అంది.

నా వంతు పని నేనూ ఉత్సాహంగానే చేశాను. పెళ్లి వీడియో తీసేవాణ్ని, సాదా అక్షరాలు నా చేత ఎలా వస్తాయి? బంగారు రంగు వేశాను. ప్రతి వరుసకు అటో మల్లెతీగ, ఇటో మల్లెతీగ పెట్టాను. పెళ్లికొడుకు మాట్లాడితే పక్కన చిన్న బాసింగం కూడా.

పని ఇంకా పూర్తికాకముందే పెద్దమ్మ గల్లీ అంతా చెప్పేసింది, ఆదివారం మా ఇంట్లో సినిమా అని. చిన్నాన్న, చిన్నమ్మ ఇబ్రహీంపూర్ నుంచి వస్తున్నారు. తినడానికి సర్వపిండి చేయమని కూడా పురమాయింపులు అయిపోయాయి. శనివారం పొద్దున టీవీలో పెట్టి చూశాం. బొమ్మ వచ్చింది, అక్షరాలు వచ్చాయి, వెంటనే చక్రం తిరిగింది. ఒక మాట, చక్రం. ఇంకో మాట, చక్రం. మా అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. బొమ్మ ఆగినా గొంతు కాస్త ముందుకే పోతోంది. అలాగైతే వినబడే వాళ్లకు మాట ముందే తెలిసిపోతుంది, అక్షరాలు ఎప్పటికో వస్తాయి. మళ్లీ అందరి తర్వాతే అమ్మ నవ్వాలి. దాని కోసం ఇంత చేయనక్కరలేదు.

పెద్దమ్మ కొంగు దోపింది. "రెండు కొసలు అడుగుదాం" అంది. అక్షరాలు లేకుండా పెట్టి చూశాం, నీళ్లలా పోయింది. అంటే డబ్బా మాట్లాడుతోంది, టీవీ వింటోంది. అక్షరాలు పెట్టగానే చక్రం. వైఫై బలం చాలట్లేదేమో అని ఆమె అనుమానం. ఎక్కడినుంచో పొడుగాటి వైరు తెచ్చి డబ్బా నుంచి టీవీ దాకా హాలు మధ్యలోంచి లాగింది. మళ్లీ చక్రమే. "గిది గాదు. మంచిగైంది" అంది. జడలో స్లైడు తీసి రౌటర్‌ను కొత్తగా లేపింది. అదీ కాదు. టీవీని అనుమానించింది. అదే వీడియో అవే అక్షరాలతో తన ఇంటి టీవీలో పెట్టి చూసి వచ్చింది, అక్కడా చక్రమే. ఒక్కొక్కటి తగ్గుతున్న కొద్దీ ఆమె హుషారు పెరుగుతోంది, నాది కారిపోతోంది.

అప్పుడు ఆమె డబ్బా మీద అరచేయి తిప్పి, చేతి వెనక వైపు ఆనించింది, పసిపిల్ల నుదురు చూసినట్టు. "దీనికి జరమొచ్చింది బిడ్డా. అక్షరాలు పెట్టినప్పుడే కాలుతుంది. దీంతోని ఏదో మోపిస్తున్నం మనం."

ల్యాప్‌టాప్‌లో డబ్బా లోపలి పేజీ తెరిచి చూశాను. నిజమే. అక్షరాలు పెడితే డబ్బా వీడియోను ఉన్నదున్నట్టు పంపడం లేదు. ఒక్కొక్క బొమ్మ మీదా అక్షరాలను తానే గీసి, మళ్లీ కొత్త వీడియోగా కట్టి పంపుతోంది. చిన్న డబ్బా, అంత పని దాని వల్ల కావడం లేదు. పెద్ద డబ్బా కొనాలి అన్నాను. పెద్దమ్మకు కోపం వచ్చింది. "కొత్తది తెచ్చుడు రిపేరు ఎట్లయితది? లైను పోతే ఎక్స్‌ఛేంజిని మార్సుతరా?" నేనూ గొంతు పెంచాను. రేపే ఆదివారం, అందరినీ పిలిచింది నువ్వే అన్నాను. టీ చల్లారిపోయింది.

ఇంతసేపూ మా అమ్మ కుర్చీలోంచి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఒక్క మాట వినబడదు కాబట్టి, తన గురించే పోట్లాడుకుంటున్నామని అనుకుంది. అనుకోవడంలో తప్పేమీ లేదు. మెల్లగా లేచింది. "నా కోసం గింత లొల్లి వద్దు అక్కా. బంద్ చెయ్యుర్రి. ఎట్లాగు నాకు సదువ వస్తలేదు" అని వంటింటి వైపు నడిచింది.

పెద్దమ్మ గబగబా వెళ్లి ఆమె భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. తెర చూపించి, చేయి తిప్పి అడిగింది, ఎందుకు రావడం లేదని.

"పువ్వులు అడ్డమొస్తున్నయి" అంది అమ్మ. "అక్షరాలు బంగారం రంగు, చీరెలు బంగారం రంగు. ఏది అక్షరమో ఏది అంచో నాకు తెల్వది. సాదాగ రాస్తే ఏమైతది?"

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వుతూ నవ్వుతూ గోడకు జారి కింద కూర్చుంది. "పొద్దటి నుంచి డబ్బను అడిగిన, టీవీని అడిగిన. రెండో కొస గీమె గద బిడ్డా. గీమెను ఎవ్వలడిగిన్రు?"

నాకు వెలిగింది కూడా అప్పుడే. నా మల్లెతీగలు, బాసింగాలు, బంగారం. అవన్నీ ఉండబట్టే అక్షరాలు బొమ్మలయ్యాయి. వాటిని టీవీ తనంతట తాను రాయలేదు, డబ్బా కూర్చుని గీయాల్సి వస్తోంది. సాదా అక్షరాలైతే డబ్బా వాటిని పక్కన పెట్టి ఊరికే అందిస్తుంది, టీవీ రాసుకుంటుంది. మల్లెతీగలన్నీ పీకేశాను. తెల్లటి అక్షరాలు, నల్లటి అంచు. పెట్టాం. ఆడింది. బంతి దగ్గర ఒక వరుస, ఇంకో వరుస, ఆగకుండా ఆడింది. పెద్దమ్మ చేయి తిప్పి డబ్బా మీద పెట్టి, "జరం దిగింది" అంది. ఎక్స్‌ఛేంజ్‌లో అన్నట్టే గొంతు మార్చి, మా అమ్మకు వినబడదని తెలిసీ, "లైన్ కలిసింది, మాట్లాడుర్రి" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేశాను కూడా, హాలు మధ్యలో వైరు తట్టుకుని పడబోయాను.

సాయంత్రం ఆమె ల్యాప్‌టాప్ దగ్గర మళ్లీ కూర్చుంది. అంతా అయిపోయింది కదా అంటే, జర పనుంది పో అని నన్ను పంపించేసింది.

ఆదివారం భోజనాలయ్యాక హాలు నిండిపోయింది. గల్లీ ఆడవాళ్లు, చిన్నాన్న, చిన్నమ్మ. పెద్దమ్మ మా అమ్మ కుర్చీని టీవీకి దగ్గరగా, కాస్త పక్కకు వేసింది. తను వెనక గోడకు ఆనుకుని నిలబడింది. వీడియో మొదలైంది. తెర మీద మా వాకిట్లో బంతి సాగుతోంది. మా చిన్నమ్మ మేనమామ చేతిలో గరిటెతో నిలబడి, మా పిల్ల కూర వండితే ఊరంతా వాసనొస్తది అని గొప్పలు పోతున్నాడు. పడుచుతనంలో ఉన్న మా అమ్మ విస్తరి ముందు నుంచి తలెత్తింది. ఇంకా నోరు తెరవలేదు.

హాల్లో మా అమ్మ పకపకా నవ్వింది.

అందరూ టీవీ వదిలి ఆమె వైపు తిరిగారు. వినబడే వాళ్లు కదా, కింద అక్షరాలు ఎవరూ చదవడం లేదు; ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మ నవ్వాపి ఆశ్చర్యంగా అందరినీ చూసింది. "ఏందే, మీకు ఇనబడలేదా?"

అప్పుడు తెర మీద ఆమె గొంతు వచ్చింది. "గందుకేనా, మీ ఊరు ఊరంత లేసి మా ఇంటికొచ్చింది?"

హాలంతా ఒక్కసారిగా నవ్వులతో పేలింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నేను గోడ దగ్గరికి వెళ్లి పెద్దమ్మ చెవిలో, "అక్షరాలు మాట కన్న ముందుగాల వస్తున్నయి పెద్దమ్మా, సాయంత్రం సరిచేస్తా" అన్నాను.

"చెయ్యి పెట్టకు" అంది ఆమె. "నిన్న కూసోని అక్షరాలను ముందుకు జరిపింది నేనే. ఇన్ని దినాలు ఆమె మన ఎన్క నవ్వింది. ఒక్కనాడన్న మనం ఆమె ఎన్క నవ్వుదాం."

ఆమె టీవీ చూడటం లేదు. అమ్మనే చూస్తోంది. టీవీ ముందు అమ్మ కుర్చీలో సర్దుకుని, చేయెత్తి అందరినీ ఊరుకోమంది. "ఆగుర్రి, ఇప్పుడు ఇంకోటొస్తది" అంటూ అప్పుడే పెదవులు బిగబట్టుకుంటోంది. హాల్లో ఉన్న ఆడవాళ్లంతా టీవీని మరిచిపోయి, మా అమ్మ మొహం చూస్తూ కూర్చున్నారు.